ఎడమ చెయ్యి

పుంటా కెల్యా, చిలోయె
జూన్ 9

మరిది నిబాల్దోకు,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను. మేలో వచ్చిన గాలివానకు కొండమీది ఫోను స్తంభం కూలిపోయింది. వసంతం వచ్చేదాకా దాన్ని లేపేవాడు లేడట. ఉత్తరాల పడవ మాత్రం మంగళవారం, శుక్రవారం వస్తోంది. రేవులో రేడియో ఉంది కానీ అందులో నోరు తెరిస్తే అఖాతంలో ఉన్న ప్రతి పడవా వింటుంది. నా ఏడుపు వాళ్ళకెందుకు?

మీ అన్నయ్య ఉలీసెస్ ఎరీసోలు, ఆ ముళ్ళగుల్లలు, ఏరడానికి నీళ్ళలోకి దిగి ఈరోజుకు ముప్పై మూడు రోజులు. గాలి గొట్టం పైకి వచ్చింది, ఆయన రాలేదు. పడవలో గొట్టం పట్టుకుని కూర్చున్నది మా తమ్ముడు గాల్వరీనో. ఆ సంగతి నీకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ రోజు నుంచి వాడు నాతో సరిగా మాట్లాడడం లేదు. పొద్దున్నే లేచి ఒడ్డున నిలబడతాడు. "అక్కా, బావ ఉన్న చోటు ఎవరన్నా చూపిస్తే చాలు, నే దిగి తెస్తా" అంటాడు. లోతుకు దిగీ దిగీ వాడి కుడికాలు ఇప్పటికే దెబ్బతింది, కుంటుకుంటూ నడుస్తాడు. మళ్ళీ లోతుకు దిగితే పైకి వచ్చేది మా తమ్ముడు కాదు, శవం. ఉలీసెస్ ఎలాగూ పోయాడు. వీణ్ణి పోగొట్టుకోవడం నావల్ల కాదు.

అందుకే అడుగుతున్నాను. నువ్వు పనిచేసేచోట ఉన్న, నీళ్ళలో తిరిగే ఆ పసుపుపచ్చ యంత్రాన్ని పంపించు. వెతికే పని యంత్రం చేస్తే వీడు దిగాల్సిన పని ఉండదు.

శవానికి బదులు ఆయన బట్టలు బల్లమీద పరిచి తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టమని మీ అమ్మ అంటోంది. నేను ఒప్పుకోలేదు. ఖాళీ చొక్కాకు ప్రార్థనేమిటి? ఇంకోరోజు ఆవిడే, మునిగిన వాళ్ళను ఎక్కించుకుపోయే దీపాల ఓడ కలెవుచే ఉంది కదా, కొడుకు దానిమీద పాటలు పాడుతూ సుఖంగా ఉన్నాడంటుంది. ఆయన గొంతు విన్నాక ఆ ఓడవాళ్ళే దింపేసి ఉండేవాళ్ళు అన్నాను. నవ్వింది పాపం.

వదిన,
ఎల్విరా


వల్దీవియా
జూన్ 17

వదినకు,

నీ ఉత్తరం చేతికి వచ్చిన పూటే యంత్రాన్ని పెట్టెలో సర్దించాను. నాతో పనిచేసే యస్నా దాన్ని తీసుకుని వస్తుంది. నేను రాలేకపోతున్నాను. పని ఉందని రాద్దామనుకున్నాను గానీ నీ దగ్గర నటించడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆ నీళ్ళను చూడలేను. నీళ్ళంటే భయపడి, నీళ్ళలోకి యంత్రాన్ని పంపే ఉద్యోగంలో చేరిన వెధవను నేను. అన్నయ్య ఈ మాట చెప్పి ఊరంతా నవ్వించేవాడు.

యంత్రం ఏం చేస్తుందో చెబుతాను, గాల్వరీనోకూ చదివి వినిపించు. నీళ్ళు రంగును తింటాయి. మొదట ఎరుపు పోతుంది, తర్వాత నారింజ, పసుపు. ఇరవై మీటర్ల కింద వేలు తెగితే రక్తం నల్లపచ్చగా కనిపిస్తుంది. దానికి తోడు మన అఖాతంలో మట్టి, నాచు తుంపులు. కెమెరాకు కనిపించేది పచ్చటి పొగ. ఆ పొగలో యంత్రం దారి పోల్చుకోలేదు. అది ఒక రాయిని, ఇంకో రాయిని గుర్తుపెట్టుకుని, వాటిని బట్టి తానెక్కడుందో తెలుసుకుంటూ నడుస్తుంది. రాళ్ళు కనపడకపోతే గుడ్డిదే.

నేను రాసిన ప్రోగ్రాం ఆ పొగ తుడిచి, పోయిన రంగు తిరిగి పెడుతుంది. దానికి ఆ విద్య నేర్పింది ఒకరకంగా అన్నయ్యే. మూడు ఎండాకాలాలు నాకోసం అడుగుకు దిగి ఫొటోలు తీశాడు. కుడిచేతిలో కెమెరా, ఎడమచేతిలో రంగుగళ్ళ పలక. పలకమీద అసలు ఎరుపు ఎంతో మాకు తెలుసు కాబట్టి, ఫొటోలో ఎంత తగ్గిందో చూసి నీళ్ళు ఎంత తిన్నాయో లెక్కగట్టేవాళ్ళం. మసక బొమ్మ, తేట బొమ్మ జతలుజతలుగా రెండువేల మూడువందలు. అవి చూసి చూసి ప్రోగ్రాం నేర్చుకుంది.

కాబట్టి అన్నయ్యను వెతకబోతున్నది అన్నయ్య ఇచ్చిన కళ్ళతోనే. గాల్వరీనోను ఒడ్డునే ఉంచు.

నిబాల్దో


వల్దీవియా
జులై 14

వదినా,

కూర్చుని చదువు. యస్నా మీ దగ్గర పదకొండు రోజులు తీసిన బొమ్మలన్నీ ప్రోగ్రాంలో వేసి తేటపరిచాను. తొమ్మిదివేల పైచిలుకు. చాలావాటిలో బురద, రాళ్ళు, ఒక పాత లంగరు. దక్షిణం వైపు ఒడ్డుకు దిగువన, నలభై ఆరు మీటర్ల లోతులో తీసినవాటిలో మాత్రం ఒక చెయ్యి ఉంది.

అచ్చు వేయించి పంపుతున్నాను. నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు సగానికి లేవు. తాడు చుట్టే చక్రంలో పడి పోయినవి. చేతికి తొడుగు కూడా లేదు. రెండు వేళ్ళు లేని చేతికి తొడుగు నిలవదని ఎడమచేతికి ఎప్పుడూ ఏమీ వేసుకోకుండానే దిగేవాడు కదా.

బొమ్మ చూసి నేను లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. యస్నా మంచినీళ్ళు తెచ్చింది. ఇంకో విషయం. యంత్రం ఆ చోటికి వచ్చాక ముందుకు పోలేదట. చుట్టూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చిందట. అన్నయ్య దాన్ని వదల్లేదు, వదినా.

లోతుకు దిగే నౌకాదళం వాళ్ళకు అర్జీ పెట్టాను. రెండు మూడు నెలలు పడుతుందన్నారు. ఆగండి.

నిబాల్దో


పుంటా కెల్యా
జులై 23

నిబాల్దోకు,

చూశాను. ఆయనదే. పంతొమ్మిదేళ్ళు ఆ చెయ్యి నా బల్లమీద రొట్టె విరిచింది. నేను పొరపడను.

అయితే నువ్వు చేసిన పని ఏమిటో ఇప్పుడు చూడు. ఆగండి అని రాశావు. గాల్వరీనోకు ఆగడం తెలిస్తే నేను నిన్ను యంత్రం ఎందుకు అడుగుతాను? బొమ్మ వాడి చేతిలో పడ్డ పూటే, గొట్టంలోకి గాలి కొట్టే గాలియంత్రం విప్పి నూనె మార్చాడు. రెండు గొట్టాలు కలిపి అతికాడు. "ఇరవై మీటర్లు దాటకూడదని చట్టమేరా" అంటే, "చట్టం బావను కట్టుకుందా?" అన్నాడు. పిచ్చోడా అని తిట్టాను. అప్పుడు కూర్చుని, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

నీకూ తెలుసుగా, గొట్టాన్ని ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే గొట్టం వదలమని, మూడుసార్లు లాగితే పైకి లాగమని. ఆ రోజు మీ అన్నయ్య గొట్టాన్ని ఒకసారి లాగాడట. కాసేపాగి మళ్ళీ ఒకసారి. అలా గంటన్నర. "బాగున్నాడులే అని సిగరెట్టు కాల్చుకున్నానక్కా" అన్నాడు. చివరికి అంత చలిలో అంతసేపా అని అనుమానం వచ్చి తనే లాగాడు. గొట్టం తేలిగ్గా వచ్చేసింది. నోట్లో పెట్టుకునే ముక్క మీద నాచు పట్టి ఉందట, చాలాసేపటి నుంచి ఎవరి నోటా లేనట్టు.

"మరి లాగింది ఎవరక్కా?" అని నన్ను అడుగుతున్నాడు. ప్రవాహం లాగి ఉంటుంది అన్నాను. ప్రవాహానికి లెక్క తెలుసా అన్నాడు.

పోటు తక్కువుండే రోజు చూసుకుని దిగుతానంటున్నాడు. ఆగస్టు మొదటివారం. నీ బొమ్మతో మొదలైంది, నువ్వే ఆపు.

ఎల్విరా


వల్దీవియా
జులై 31

వదినా,

ఈ ఉత్తరం కంటే ముందు రేవు రేడియోలో నా మాట అంది ఉంటుంది. ఉత్తరం వచ్చేదాకా గాల్వరీనో దిగకూడదు, అంతే చెప్పమన్నాను. అఖాతమంతా విని ఉంటుంది, క్షమించు. మిగతాది అందరూ వినాల్సింది కాదు.

ఆ చెయ్యి అక్కడ లేదు. రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

పోయిన సోమవారం యంత్రాన్ని ఇక్కడి ఈతకొలనులో దింపాం, మామూలు పరీక్షకు. అది సరిగ్గా నీళ్ళు మసకగా ఉన్న మూలకు వెళ్ళి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కదల్లేదు, ఎవరో పట్టుకున్నట్టు. బొమ్మలు తీసి చూశాను. తెల్లటి పలకల గోడ. గోడముందు అన్నయ్య చెయ్యి.

యస్నా బయటికి వెళ్ళిపోయింది. నేను పోయినేడు రాంకో సరస్సులో తీసిన బొమ్మలు తెరిచాను. అప్పటికి అన్నయ్య బతికే ఉన్నాడు, ఇంటి పెరట్లో బంగాళదుంపలు తవ్వుతున్నాడు. ఆ బొమ్మల్లో, సరస్సు అడుగున, అదే చెయ్యి. మసక ఎక్కువున్న ప్రతిచోటా ఉంది. రోజంతా చూశాను. ఒక దశలో నా వెనక ఎవరో నిలబడ్డారనిపించి కుర్చీ గోడవైపు జరుపుకున్నాను.

తర్వాత బుర్ర పనిచేసింది. తప్పు నాది. అన్నయ్య తీసిన రెండువేల మూడువందల ఫొటోల్లోనూ రంగుల పలక పట్టుకున్న చెయ్యి ఉంది. ఈ పనిలో ఉన్నవాడెవడైనా పలకనూ చేతినీ కత్తిరించి పారేసి మిగతా బొమ్మతోనే నేర్పిస్తాడు. నేను పలకను కత్తిరించాను. చేతిని ఉంచేశాను. అన్నయ్య చెయ్యే కదా, ఉండనీలే అనుకున్నాను, అంత ముద్దుగా ఉండేది. మసక వెనక ఎప్పుడూ ఒక చెయ్యి ఉంటుందని ప్రోగ్రాం నేర్చుకుంది. ఇక ఎక్కడ మసక కనిపించినా తనే గీసి పెడుతోంది. గీసిందాన్ని గుర్తుగా పట్టుకుని దాని చుట్టూ యంత్రం తిరుగుతోంది.

గోడకు ఆనుకుని నిలబడ్డప్పుడు ఇంత ఆలోచన నాకెందుకు రాలేదంటే, నాకు ఆ చెయ్యి కావాలి కాబట్టి. గాల్వరీనోకు చెప్పు, నలభై ఆరు మీటర్ల కింద ఉన్నది నా తెలివితక్కువతనం. దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దను.

నిబాల్దో


పుంటా కెల్యా
ఆగస్టు 8

నిబాల్దో,

రేడియో విని వాడు దిగలేదు. పడవ ఎక్కి, గొట్టం చుట్టలు సర్ది, మళ్ళీ దిగి వచ్చాడు. ఆ మేరకు నీకు రుణపడ్డాను.

ఇప్పుడు తిట్టనీ. నాకు రెండు వారాలు మొగుణ్ణి తిరిగి ఇచ్చి, గోడమీద అతికించుకోనిచ్చి, ఇప్పుడు అది ఆయన చెయ్యి కాదు నా పొరపాటు అంటావా? చదువుకున్నవాళ్ళ పొరపాట్లు ఇంత అందంగా ఉంటాయా? రోజూ పొద్దున మాతే ఆకు టీ కాచుకుని ఆ కాగితం ముందు కూర్చునేదాన్ని. మీ అమ్మ ముద్దు పెట్టుకునేది. ఇప్పుడు ఆవిడకు ఏం చెప్పను? ఈతకొలనులో కూడా ఉందమ్మా నీ కొడుకు చెయ్యి అని చెప్పనా?

నాలుగు రోజులు నీమీద కోపంతోనే గడిపాను. తర్వాత ఒక సంగతి తట్టింది, సిగ్గుతోనే రాస్తున్నాను. అది అబద్ధమని చదవగానే గుండెలో ఒక మూల తేలికపడింది. రెండునెలలు నీళ్ళలో ఉన్న చెయ్యి అంత నున్నగా ఉండకూడదు. పీతలుంటాయి, చేపలుంటాయి. డైవరు పెళ్ళాన్ని, నాకు తెలియదా? ఆ సంగతి నాకు నేనే చెప్పుకోకుండా దాటేశాను.

గాల్వరీనో మాత్రం నమ్మడం లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. "నన్ను దిగనీకుండా ఆపడానికి నువ్వూ నీ మరిదీ కలిసి అల్లారు" అంటాడు. "చెయ్యి గీసే ఆ జబ్బు వదిలించాక మళ్ళీ చూడమను. అప్పుడు లేకపోతే లేదు. ఉంటే మాత్రం దిగుతా, నువ్వు కాళ్ళు పట్టుకున్నా ఆగను." ఇది వాడి ఆఖరి మాట. గాలియంత్రం ఇంకా పడవలోనే ఉంది.

కాబట్టి జబ్బు వదిలించు. తొందరగా.

ఎల్విరా


వల్దీవియా
సెప్టెంబర్ 2

వదినకు,

వదిలించాను. అన్నయ్య తీసిన బొమ్మలన్నీ పక్కనపెట్టి, ఉత్తరాది డైవర్లు తీసిన వేరే ఫొటోలు తెప్పించి, పలకలూ చేతులూ అన్నీ కత్తిరించి మొదటినుంచి నేర్పించాను. పద్దెనిమిది రోజులు పట్టింది. ఈతకొలనులో ఇప్పుడు గోడే ఉంది. యంత్రం ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా వెళ్ళి తిరిగొచ్చింది. రాంకో సరస్సులో రాళ్ళూ కలపదుంగలూ తప్ప ఏమీ లేవు.

మన అఖాతం బొమ్మలు కూడా చూశాను. ఏమీ లేదు. గాల్వరీనోకు ఈ మాటే చెప్పు. ఏమీ లేదు. నౌకాదళానికి పెట్టిన అర్జీ కూడా వెనక్కి తీసుకున్నాను, వెతకడానికి ఏమీ లేనప్పుడు ఎందుకని.

ఇక అన్నయ్య బట్టలు పరిచి ప్రార్థన మొదలుపెట్టండి. అమ్మ చెప్పిందే సరైనది. గాలియంత్రం ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మీ దగ్గర మిగిలిపోయిన తీగచుట్ట, పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చే వారం యస్నా వస్తుంది. ఆమెను శ్రమ పెట్టొద్దు. బొమ్మలు చూపించమని అడగొద్దు.

నిబాల్దో


పుంటా కెల్యా
సెప్టెంబర్ 13

నిబాల్దోకు,

యస్నా నిన్న వచ్చి వెళ్ళింది. వాన కదా, పడవ వచ్చేదాకా మా వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుంది. దుంపరొట్టెలు మూడు తింది, మంచి పిల్ల. నీ ఉత్తరం గాల్వరీనోకు ముందే చదివి వినిపించాను. వాడు తల ఊపాడు. కానీ యస్నాను చూడగానే, "మాటలు ఎవరైనా రాస్తారు. నీ దగ్గర కొత్త ప్రోగ్రాం ఉందిగా, చూపించు పిల్లా" అన్నాడు. నువ్వు ఆమెకు ఏమీ చెప్పలేదు. పాపం, సంతోషంగా తనతో తెచ్చిన కంప్యూటరు తెరిచింది.

మొదట ఈతకొలను చూపించింది. గోడ. తర్వాత సరస్సు. రాళ్ళు. గాల్వరీనో బల్లమీదికి వంగి ప్రతిదీ చూశాడు. వాడి భుజాలు కాస్త దిగాయి. అప్పుడు కెటిల్ పొంగితే దించడానికి అటు తిరిగాడు. యస్నా మన అఖాతం బొమ్మలు తెరిచింది. ఆమె కూడా వాటిని చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

నిబాల్దో, నేను చూశాను. నువ్వు చూసిందే చూశాను.

అది పాత బొమ్మలోది కాదు. పాతదానిలో వేళ్ళు మూసి ఉండేవి, పలక పట్టుకున్నట్టు. నువ్వు వాడిన ఫొటోలన్నిటిలోనూ మూసే ఉంటాయి కదా. ఇది తెరిచి ఉంది. అరచెయ్యి పైకి పెట్టి, ఉన్న మూడు వేళ్ళూ చాచి, రమ్మన్నట్టు. బొమ్మ తీసేనాటికే రెండు నెలలు నీళ్ళలో ఉన్నా ఒక్క గీత పడలేదు. పెళ్ళినాడు పాదిరి ముందు నాకు అలాగే చాచాడు. నాకు వెళ్ళాలనిపించింది. అబద్ధమెందుకు, గాల్వరీనో సంగతి దేవుడెరుగు, నాకే ఆ నీళ్ళలోకి నడిచిపోవాలనిపించింది.

అప్పుడు వాడి కుంటి అడుగు వెనక వినపడింది. నేను అరచెయ్యి తెచ్చి కంప్యూటరు అద్దం మీద పెట్టేశాను, సరిగ్గా దానిమీద.

"ఏముందక్కా?" అన్నాడు.

"రాయి" అన్నాను.

"చెయ్యి తియ్యి."

"ఇక్కడున్న చెయ్యి నాదొక్కటేరా. కళ్ళు మసకబారితే అద్దం పట్టుకున్నా, తప్పా?" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, ఎలా ఉందో తెలియదు. రెండోచేత్తో, ఇందాక యస్నా నొక్కిన మీట నొక్కాను. బొమ్మ మారింది. అప్పుడు చెయ్యి తీశాను. బురద, రాళ్ళు, పాత లంగరు. వాడు వంగి చూశాడు. ఇంకొకటి, ఇంకొకటి చూశాడు. యస్నా నా ముఖం చూసి, వెనకటి బొమ్మవైపు మళ్ళకుండా ముందుకే నొక్కుకుంటూ పోయింది. కాసేపటికి గాల్వరీనో కుర్చీలో కూలబడి ఏడ్చాడు. మే నుంచి వాడు ఏడవడం అదే మొదలు. "అయితే నిజంగానే లేడక్కా" అన్నాడు. లేడురా అన్నాను.

గొట్టాన్ని గంటన్నర సేపు ఒక్కొక్కసారే లాగి బాగున్నానని చెప్పింది ఏదైతే ఉందో, చెయ్యి చాచింది కూడా అదే. అది మీ అన్నయ్య అయితే మా తమ్ముణ్ణి రమ్మని పిలవడు. ఆయన కాకపోతే, దాని దగ్గరికి మా ఇంటి మనిషి ఎవడూ వెళ్ళడు. రెండు విధాలా నాకు జవాబు ఒకటే.

నువ్వు అబద్ధం రాసినందుకు కోపం లేదు. నేనైనా అదే రాసేదాన్ని. కానీ ఆ బొమ్మను నువ్వు ఒక్కడివే అక్కడ కూర్చుని చూస్తూ ఉంటావని భయంగా ఉంది. ఈ ఉత్తరం మడిచే లోపల దాన్ని చెరిపెయ్యి. పాతవి కూడా అన్నీ. తర్వాత బస్సెక్కి రా, ఒడ్డు వైపు చూడకుండా కొండదారిన వద్దువుగాని, మీ అమ్మ పక్కన కూర్చో.

ప్రార్థన మొదలుపెట్టాం, ఈరోజు రెండో రోజు. చొక్కా బల్లమీద ఉంది, చేతులు రెండూ మడిచి పెట్టాను. గాల్వరీనో గాలియంత్రాన్ని పడవలోంచి దింపి కొట్టంలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి నాకు ఇచ్చాడు. ఇప్పుడు పెరట్లో బంగాళదుంపలకు చాళ్ళు తీస్తూ, వాననీ నన్నూ కలిపి తిడుతున్నాడు.

వదిన,
ఎల్విరా